కత్తిరించిన స్పోకులను పారేయకండి

ప్రశ్న: మాది చిత్తూరు. మా నాన్నగారు బెల్లం మండీ నడిపిన రోజుల్లో వాడిన 1984 నాటి బుల్లెట్ 350 బండి పదకొండేళ్లుగా వసారాలో పడి ఉంది. దాన్ని ఇంట్లోనే విప్పి మళ్లీ నడిచేలా చేస్తున్నాను. ఇంజను పని ఒక మెకానిక్‌కు అప్పగించాను గానీ చక్రాలు మాత్రం నా చేతులతోనే చేయాలని పట్టుదల. ముందు చక్రం నిపిల్స్ (స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) తుప్పుపట్టి తిరగకపోవడంతో, ఒక షెడ్డులో చెప్పిన మాట విని స్పోకులన్నీ కటింగ్ బ్లేడుతో కోసేశాను. కొలతలేవీ రాసుకోలేదు, ఫొటోలూ తీయలేదు. కోసిన ముక్కలు పెయింటు డబ్బాలో ఉన్నాయి. వెనక చక్రం ఇంకా ముట్టుకోలేదు. రిమ్ము ఏ పక్కకు ఎంత జరిగి ఉండాలో ఇప్పుడు తెలుసుకునే దారి ఉందా? స్టెయిన్‌లెస్ స్పోకులు వేయాలా, మామూలువి చాలునా? హబ్బుకు (చక్రం నడుమ ఇరుసు చుట్టూ ఉండే దిమ్మకు) పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి కాల్చే పూత, చేయించవచ్చా? అసలు ఇది ఇంట్లో చేయదగిన పనేనా? వినాయక చవితికి నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని కాణిపాకం వెళ్లాలని నా కోరిక.
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం:

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఇది ఇంట్లో చేయదగిన పనే. ఇందులో బలం అవసరం చాలా తక్కువ, ఖరీదైన పనిముట్లు కూడా అక్కర్లేదు. సన్నని కొలతలు తీసే ఒక వర్నియర్, నిపిల్స్ తిప్పే ఒక మంచి స్పోకు కీ, వంకర లేని ఇనుప పట్టీ, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. కావలసిందల్లా తీరిక. నేను తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా చక్రాలు కడుతున్నాను. ఇప్పటికీ ఒక పాత చక్రాన్ని కొలిచి, కట్టి, బెండు తీయడానికి (ఊగకుండా తిన్నగా తిరిగేలా సరిచేయడానికి) నాకు ఒక పూట పడుతుంది. మీకు మొదటి చక్రం మూడు నాలుగు సాయంత్రాలు పట్టినా అది ఎక్కువేమీ కాదు. అందువల్ల వినాయక చవితి తేదీని గోడ క్యాలెండరులోనే ఉంచండి, చక్రం దగ్గర కూర్చున్నప్పుడు దాన్ని తలచుకోకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. చువ్వల చక్రం కట్టడంలో సగం పని పాత చక్రాన్ని విప్పకముందే జరిగిపోవాలి. రిమ్ము ఎటు ఎంత జరిగి ఉంది, ఏ స్పోకు ఏ స్పోకును ఎన్నిసార్లు దాటుతోంది, దాటేటప్పుడు పైనుంచి వెళుతోందా కిందనుంచి వెళుతోందా అన్న విషయాలన్నీ విప్పని చక్రంలో కళ్ల ముందే ఉంటాయి. కోసిన మరుక్షణం అవి పోతాయి. మీరు ముందు చక్రం విషయంలో ఆ సగాన్ని పోగొట్టుకున్నారు. అయితే అంతా పోలేదు, ఎందుకంటే ముక్కలు పారేయకుండా డబ్బాలో వేశారు. దయచేసి ఆ డబ్బాను పాతసామాను వాళ్ల చేతికి వెళ్లనివ్వకండి.

ఆ ముక్కలను ఒక పాత దుప్పటి మీద పోసి రెండు కుప్పలు చేయండి. వంపు, తల ఉన్న హబ్బు వైపు ముక్కలు ఒక కుప్ప, మర, నిపిల్ ఉన్న రిమ్ము వైపు ముక్కలు మరో కుప్ప. వంపు ఉన్నవాటిని పక్కపక్కన నిలబెట్టి చూస్తే, కొన్నింటి వంపు కాస్త ఎక్కువగా, కొన్నింటి వంపు కాస్త తక్కువగా ఉండడం కనిపించవచ్చు. హబ్బు అంచుకు లోపలివైపు నుంచి సాగే స్పోకుకూ, బయటివైపు నుంచి సాగే స్పోకుకూ వంపులో ఉండే తేడా అది. డ్రమ్ము వైపు అంచు పెద్దదిగా, రెండో వైపు అంచు చిన్నదిగా ఉన్న హబ్బు అయితే పొడవులో కూడా తేడా ఉంటుంది. అంటే మీకు కావలసింది నలభై కొలతలు కాదు. డ్రమ్ము వైపు లోపలిది, బయటిది, రెండో వైపు లోపలిది, బయటిది అని నాలుగు రకాలు, రకానికి రెండేసి నమూనాలు. కోత ఏటవాలును, తుప్పు మరక గీతను చూసుకుంటూ జతపరిస్తే ఎనిమిది స్పోకుల ముక్కలు ఒకదానికొకటి కలుస్తాయి. కలిసిన జతను ఇనుప పట్టీ అంచుకు ఆనించి, వంపు లోపలి మూల నుంచి మర చివరిదాకా కొలవండి. సన్నని కటింగ్ బ్లేడు కూడా ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా లోహాన్ని తినేస్తుంది కాబట్టి, మీ బ్లేడు మందం కొలిచి దాన్ని ఆ పొడవుకు కలపండి.

నిపిల్ ఇంకా మరకు అతుక్కుని ఉంటే బలవంతంగా తిప్పకండి. దాన్ని వైసులో బిగించి, ఆకురాయితో నిలువునా సగం దాకా అరగదీయండి. లోపల స్పోకు ఎక్కడ ముగిసిందో స్పష్టంగా కనబడుతుంది. అది నిపిల్ తలలోని గాటు అడుగు దాకా వచ్చి ఆగి ఉంటే పాత స్పోకు పొడవు సరైనదే. గాటు దాటి బయటికి పొడుచుకుని ఉంటే, మీ నాన్నగారి కాలంలోనే ఎవరో పొడవు ఎక్కువ ఉన్నవి వేశారని అర్థం, అప్పుడు ఆ మేరకు తగ్గించుకోవాలి. నాలుగైదు మరలే పట్టి ఉంటే అది పొట్టిది, ఆ మేరకు పెంచుకోవాలి. పాత బండిలో ఉన్నదంతా కంపెనీ వేసినదే అనుకోవడం పొరపాటు. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు మారి ఉంటాయో మనకు తెలియదు.

అల్లిక సంగతికి వస్తే, ఫొటోలు లేవని దిగులు పడకండి. హబ్బే మీకు ఫొటో. మీరు దాన్ని ఇంకా గీకించలేదు, రంగు వేయించలేదు కదా, అదే మీ అదృష్టం. అంచు మీద ప్రతి రంధ్రం పక్కనా పాత స్పోకు ఏళ్ల తరబడి ఒత్తుకున్న సన్నని పల్లం ఉంటుంది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, టార్చి లైటును ఏటవాలుగా పట్టి చూడండి. ఆ పల్లం ఎటు సాగితే స్పోకు అటు సాగిందన్నమాట. తల కూర్చున్న గుర్తు అంచు బయటి ముఖం మీద ఉంటే అది లోపలి స్పోకు, లోపలి ముఖం మీద ఉంటే అది బయటి స్పోకు. ఈ గుర్తులను రెండు వైపులా దగ్గరగా ఫొటోలు తీసి, ఒక కాగితం మీద గుండ్రంగా బొమ్మ గీసుకున్న తర్వాతే హబ్బును రంగుకు పంపండి.

రిమ్ము కూడా ఇంతే సాక్ష్యం చెబుతుంది. రిమ్ములో ప్రతి నిపిల్ రంధ్రం చుట్టూ నొక్కిన గుంట ఉంటుంది. ఆ గుంటలు నిటారుగా ఉండవు, ఒక్కొక్కటి ఒక పక్కకూ ఒక దిశకూ వాలి ఉంటుంది. ఒక నిపిల్‌ను రంధ్రంలో వేసి, అందులోకి ఒక తిన్నని పుల్ల బిగించి చూస్తే అది హబ్బు మీద ఏ చోటికి చూపు పెట్టిందో మీకే తెలుస్తుంది. కొత్త రిమ్ము కొనవలసి వస్తే ఈ పరీక్ష తప్పనిసరి. 19 అంగుళాలు, 40 రంధ్రాలు అని చెప్పి కొన్నంత మాత్రాన అది మీ హబ్బుకు సరిపోతుందని కాదు. గుంటల వాలు వేరే హబ్బుకు చేసినదైతే స్పోకు నిపిల్ దగ్గర వంగి నిలబడుతుంది, అలా వంగినది కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత సరిగ్గా అక్కడే తెగుతుంది. చెన్నై పుదుపేటకు పాత సామాన్ల కోసం వెళ్లే ఆలోచన ఉంటే హబ్బును సంచిలో వేసుకుని వెళ్లండి.

పాత రిమ్మునే వాడాలన్నది నా సలహా, అది బాగుంటే. బాగుందో లేదో చూడడానికి వంటింటి గట్టుకు వేయగా మిగిలిన గ్రానైట్ పలక ఉంటే దాని మీద రిమ్మును పడుకోబెట్టి, చుట్టూ ఎక్కడెక్కడ సందు వస్తోందో చూడండి. పలక చిన్నదైతే సమంగా పరిచిన కడప బండల గచ్చు కూడా పనికొస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల సందును స్పోకులు సర్దుకుంటాయి. అంతకు మించి మెలి తిరిగి ఉంటే, లేదా గుంతలో పడి అంచు సొట్టపోయి ఉంటే, స్పోకులతో దాన్ని లాగి సరిచేయాలని చూడకండి. లాగితే సరి అయినట్లే కనిపిస్తుంది గానీ కొన్ని స్పోకులు అతి బిగువుగా, పక్కవి వదులుగా మిగిలిపోతాయి. నిపిల్ రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నా, టైరు కూర్చునే లోపలి భాగంలో తుప్పు లోతుగా తిని ఉన్నా ఆ రిమ్మును గోడకు తగిలించుకోవడమే మేలు. మళ్లీ క్రోమ్ పూత వేయించేటట్లయితే, పాలిష్ చేసే చోట అతిగా అరగదీస్తే లోహం పలచబడుతుందని ముందే చెప్పండి.

ఇప్పుడు వెనక చక్రం. దాన్ని విప్పే ముందు ఒక సాయంత్రమంతా దానికే కేటాయించండి. చక్రాన్ని పడుకోబెట్టి, ఇనుప పట్టీని రిమ్ము అంచు మీద అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి హబ్బు ముఖానికి ఉన్న లోతును వర్నియర్‌తో కొలవండి. చుట్టూ నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి, ఎందుకంటే ఆ చక్రం కూడా బెండు ఉండే ఉంటుంది. రెండో వైపు కూడా అలాగే చేయండి. గాలి ముచ్చిక రంధ్రానికి అటూ ఇటూ ఉన్న స్పోకులు ఎటు వెళుతున్నాయో ప్రత్యేకంగా ఫొటో తీయండి. నిపిల్స్‌కు రెండు మూడు రోజుల పాటు కిరోసిన్, ఇంజను ఆయిలు కలిపి చుక్కలు చుక్కలుగా వేసి నాననివ్వండి. తర్వాత అన్నింటినీ అర తిప్పు చొప్పున వదులు చేస్తూ చుట్టూ తిరగండి. ఒక వైపు పూర్తిగా వదిలేసి రెండో వైపు బిగువుగా ఉంచితే రిమ్ము మెలి తిరుగుతుంది. మొండికేసిన వాటిని కోయవలసి వచ్చినా, మిగిలినవన్నీ వదులైన తర్వాతే కోయండి. బిగువు మీద ఉన్న స్పోకును కోస్తే అది ఎగిరి ముఖానికి తగలవచ్చు. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఆ పని చేయవద్దు.

ముందు రిమ్ము ఎక్కడ కూర్చోవాలన్న మీ ప్రశ్నకు జవాబు మీ బండిలోనే ఉంది. ముందు చక్రం రిమ్ము ఫోర్కు రెండు కాళ్లకు సరిగ్గా మధ్యలో తిరగాలి. కాబట్టి కొత్త బేరింగులు వేసిన హబ్బును, బ్రేకు ప్లేటుతో, స్పేసర్లతో, ఇరుసుతో సహా ఫోర్కులో పూర్తిగా బిగించండి. హబ్బు అంచుల నుంచి రెండు కాళ్లకు ఉన్న దూరాలను రాసుకోండి. ఆ రెండు దూరాలు సమానంగా ఉండకపోవచ్చు, అది తప్పు కాదు. ఆ తేడాలో సగమే మీరు పోగొట్టుకున్న కొలత. హబ్బు ఏ పక్కకు ఎంత జరిగి ఉందో, రిమ్ము హబ్బు నడిమికి రెండో పక్కకు అంత జరిగి ఉండాలి. ఒక్క షరతు ఏమిటంటే ఫోర్కు కాళ్లు వంగి ఉండకూడదు. పైన, నడుమ, కింద మూడు చోట్ల రెండు కాళ్ల మధ్య దూరం ఒకటిగా ఉందో లేదో ముందే చూసుకోండి.

స్పోకుల రకం విషయంలో నా అభిప్రాయం చెబుతాను. చిత్తూరుకు సముద్రపు ఉప్పుగాలి లేదు. మంచి జింకు పూత ఉన్న మామూలు స్పోకులు, బండిని వానలో వదిలేయకుండా చూసుకుంటే చాలా ఏళ్లు వస్తాయి. పైగా 1984 బండికి అవే సహజంగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ చెడ్డది కాదు. కానీ ఏ రకం ఉక్కో చెప్పలేని దుకాణంలో చవకగా దొరికేవి వంపు దగ్గర తెగడం నేను చూశాను. అయస్కాంతం అంటకపోతేనే అసలైన స్టెయిన్‌లెస్ అన్న మాటను కూడా నమ్మవద్దు, ఎందుకంటే మంచి స్టెయిన్‌లెస్ కూడా తీగగా లాగినప్పుడు కొద్దిగా అయస్కాంతానికి అంటుతుంది. స్టెయిన్‌లెస్ స్పోకులే వేస్తే నిపిల్స్ మాత్రం నికెల్ పూత వేసిన ఇత్తడివి తీసుకోండి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ మర బిగువులో ఒకదాన్నొకటి పట్టేసి ఇక కదలదు. మెరుపు కోసం పాత స్పోకులకు క్రోమ్ వేయించే ఆలోచన అసలే వద్దు. ఆమ్లంలో ముంచి పూత వేసేటప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి దాన్ని పెళుసు చేస్తుంది. అలాంటి స్పోకు హెచ్చరిక లేకుండా విరుగుతుంది. మందాన్ని గేజిలో అడిగితే, 10 గేజి అంటే 3.25 మిల్లీమీటర్లు, 9 గేజి అంటే సుమారు 3.66 మిల్లీమీటర్లు అని గుర్తుంచుకుని, మీ పాత ముక్కను తుప్పు లేని చోట కొలిచి అదే మందం తీసుకోండి. దుకాణంలో పొడవు చెప్పడం కంటే నమూనా చూపించడం మంచిది, ఎందుకంటే కొందరు వంపు లోపలి నుంచి కొలుస్తారు, కొందరు తల నుంచి కొలుస్తారు.

పౌడర్ కోటింగ్ చేయించవచ్చు. అయితే ఆ పూతను 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బేరింగులు, వాటి సీళ్లు, గ్రీజు అన్నీ ముందే తీసేయాలి. ఒకసారి నేను పనుల ఒత్తిడిలో ఒక హబ్బును బేరింగులు విప్పకుండానే పంపాను. తిరిగి వచ్చేసరికి గ్రీజు కరిగి పొంగి, పూతంతా బుడగలు లేచి, బేరింగులు ఇసుక పోసినట్లు గరగరమంటున్నాయి. పంపే ముందు స్పోకు రంధ్రాలను, బేరింగు కూర్చునే చోట్లను, బ్రేకు డ్రమ్ము లోపలి ముఖాన్ని టేపుతో కప్పించమని కాగితం మీద రాసి ఇవ్వండి. రంధ్రంలో పూత పేరుకుంటే స్పోకు తల సరిగ్గా కూర్చోదు. ఆ పూత నలిగిన కొద్దీ స్పోకు వదులవుతూ పోతుంది.

అల్లిక కోసం నేల మీద చాప పరిచి, హబ్బును నడుమ పెట్టి, రిమ్మును దాని చుట్టూ సమాన ఎత్తులో చిన్న చెక్కముక్కల మీద ఉంచండి. 40 స్పోకులు పదేసి చొప్పున నాలుగు జట్లు. ఒక్కో జట్టు రిమ్ములో ప్రతి నాలుగో రంధ్రాన్ని తీసుకుంటుంది. రెండు వైపులా లోపలి స్పోకులనే ముందు వేయాలి. బయటివి వేసిన తర్వాత లోపలివి దూర్చడానికి చోటు ఉండదు, దూర్చాలంటే స్పోకును వంచవలసి వస్తుంది. ప్రతి మరకూ చుక్క గ్రీజు రాసి, నిపిల్‌ను మూడు మరలు మాత్రమే పట్టేలా తిప్పండి. లోపలి జట్లు రెండూ పూర్తయ్యాక హబ్బును మీ బొమ్మలో ఉన్న దిశకు మెల్లగా తిప్పితే అవి వాలిపోయి, బయటి జట్లకు దారి దానంతట అదే తెరుచుకుంటుంది. చివరి రెండు మూడు స్పోకులు రంధ్రానికి అందకపోతే బలం చేయకండి. ఎక్కడో ఒక స్పోకు ఒక రంధ్రం పక్కకు పోయింది. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకోండి. నా అనుభవంలో పదిసార్లకు తొమ్మిదిసార్లు తప్పు మొదటి జట్టులోనే ఉంటుంది.

బిగించడం మొదలుపెట్టే ముందు ఒక చిక్కును దాటాలి. టైరు వైపు నుంచి స్క్రూడ్రైవరుతో చూస్తే నిపిల్ కుడికి తిరిగితే బిగుస్తుంది. అదే నిపిల్‌ను హబ్బు వైపు నుంచి కీతో తిప్పుతుంటే చేయి ఎడమకు తిరుగుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడి, బిగించాననుకుని వదులు చేస్తారు. ముచ్చిక రంధ్రం పక్కన ఎర్ర గుడ్డ పీలిక కట్టి, అక్కడి నుంచి మొదలై అక్కడికే వచ్చేలా తిరగండి. మొదటి చుట్టులో మర పైకి కనిపించకుండా మునిగేదాకా అన్నింటినీ సమానంగా తిప్పండి. తర్వాత ఒక్కో తిప్పు, ఆ తర్వాత అర తిప్పు, చివర్లో పావు తిప్పు. వంపుల దగ్గర స్పోకు హబ్బు అంచుకు ఆనకుండా పైకి లేచి ఉంటే రాగి లేదా చెక్క ముక్క ఆనించి మెల్లగా కొట్టి కూర్చోబెట్టండి.

బెండు తీయడానికి స్టాండు కొనవద్దు. మీ బండి ఫోర్కే స్టాండు. ఫోర్కు కాలికి సైకిల్ పుల్ల ఒకటి గట్టిగా చుట్టి, దాని కొనను రిమ్ముకు దగ్గరగా వంచండి. చక్రం తిప్పుతూ ఆ కొనకూ రిమ్ముకూ మధ్య సందు మారడం చూస్తే ఎక్కడ ఏం జరుగుతోందో తెలుస్తుంది. వెనక తెల్ల కాగితం పెడితే చూపుకు ఇంకా సులువు. పని ఎప్పుడూ ఎగుడుదిగుడుతో మొదలుపెట్టాలి, పక్క ఊపు తర్వాత. రిమ్ము హబ్బుకు దూరంగా లేచిన చోట, ఆ పరిధిలో ఉన్న రెండు వైపుల స్పోకులనూ సమానంగా బిగించండి. అణిగిన చోట రెండు వైపులా సమానంగా వదలండి. ఆ పని ఒక కొలిక్కి వచ్చాక పక్క ఊపు చూడండి. రిమ్ము ఎడమకు వస్తున్న చోట కుడివైపు స్పోకులను పావు తిప్పు బిగించి, ఎడమవైపు వాటిని అంతే వదలండి. బిగించడం ఒక్కటే చేస్తే అక్కడ రిమ్ము లోపలికి కూడా దిగి, మీరు ముందు సరిచేసిన ఎగుడుదిగుడు మళ్లీ వస్తుంది. ప్రతి రెండు మూడు చుట్లకొకసారి ఇనుప పట్టీతో రిమ్ము నడిమిని కూడా కొలుస్తూ ఉండండి. బెండు లేకుండా అందంగా తిరిగే చక్రం నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉండడం కొత్తవాళ్ల పనిలో మామూలే. చాలా సర్వీసు మాన్యువళ్లు 2 మిల్లీమీటర్లను హద్దుగా చెబుతాయి గానీ అది వాడుకలో ఉన్న చక్రానికి పెట్టిన హద్దు. కొత్తగా కట్టిన చక్రం ఒక మిల్లీమీటరు లోపలే ఉండాలి, ఓపిక పడితే అర మిల్లీమీటరుకు తేవచ్చు. రిమ్ము అతుకు దగ్గర చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని స్పోకులతో సరిచేయాలని చూడకండి.

బిగువు ఎంత అన్నది కొత్తవారికి అన్నింటికంటే కష్టమైన ప్రశ్న. తిరుపతిలో నేను పని నేర్చుకున్న రోజుల్లో గాంధీ రోడ్డు వైపు ఒక పెద్దాయన సైకిల్ చక్రాలు, మోటారు సైకిల్ చక్రాలు కట్టేవారు. చూపు బాగా మందగించిన తర్వాత కూడా ఆయన పని ఆపలేదు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చిన్న స్క్రూడ్రైవరు కొనను పుల్లల (స్పోకుల) మీద ఆననిచ్చి, తల వంచి వినేవారు. మృదంగం శ్రుతి చేసేవాళ్లు చుట్టూ తిరిగి ఒక్కో కన్ను దగ్గర తట్టి విన్నట్లే ఉండేది. టంగుమని మోగిన పుల్లను వదిలేసి, డబ్బుమన్న పుల్ల దగ్గర చేయి ఆపేవారు. ఆయన నాకు చెప్పిన మాటను ఈనాటికీ పాటిస్తాను: ఒక వైపు పుల్లల మోతను అదే వైపు పుల్లలతోనే పోల్చాలి. రెండు వైపులా పొడవు, వాలు వేరైనప్పుడు మోత కూడా వేరుగానే ఉంటుంది. ఆ రెండింటినీ ఒకటి చేయబోతే రిమ్ము నడిమి నుంచి జరిగిపోతుంది.

కీ తిప్పుతుంటే నిపిల్‌తో పాటు పుల్ల కూడా మెలి తిరుగుతోందని అనిపిస్తే, అవసరానికంటే కొద్దిగా ఎక్కువ తిప్పి మళ్లీ అంతే వెనక్కి తేండి. బెండు తీయడం పూర్తయ్యాక జంటగా పక్కపక్కన సాగే పుల్లలను రెండు చేతులతో గట్టిగా పిండుతూ చుట్టూ తిరగండి. కటకటమని చిన్న శబ్దాలు వస్తాయి. మెలికలు వదిలి, వంపులు తమ చోట కూర్చుంటున్న శబ్దాలవి. తర్వాత బెండు మళ్లీ చూడండి, కొద్దిగా మారి ఉంటుంది. ఈ పని ఇప్పుడు చేయకపోతే మొదటి యాభై కిలోమీటర్లలో రోడ్డే చేస్తుంది.

ముందు బ్రేకు డ్రమ్ము గురించి ఒక మాట. మీ బండిలో వెనక డ్రమ్ము పళ్లచక్రంతో కలిసి విడి ముక్కగా ఉంటుంది గానీ ముందు డ్రమ్ము హబ్బులో భాగం. స్పోకులు బిగించినప్పుడు ఆ లాగుడుకు డ్రమ్ము కూడా అతి స్వల్పంగా గుండ్రం తప్పుతుంది. అందువల్ల డ్రమ్మును లేత్ మీద కోయించేటట్లయితే చక్రం కట్టి బెండు తీసిన తర్వాతే కోయించండి. ముందే కోయిస్తే ఆ ఖర్చు వృథా. ఇది చాదస్తం అనిపించవచ్చు గానీ మొగిలి ఘాట్ దిగుతూ ముందు బ్రేకు పట్టినప్పుడు లివరు చేతి కింద కొట్టుకుంటుంటే దీని విలువ తెలుస్తుంది. బ్రేకు పట్టిన ప్రతిసారీ డ్రమ్మును ఆపే బలం రిమ్ముకు చేరేది ఈ పుల్లల ద్వారానే. సగం పుల్లలు మరింత బిగుస్తాయి, సగం వదులవుతాయి. అవి ఒకదాన్నొకటి దాటుతూ ఏటవాలుగా సాగేది అందుకే.

టైరు ఎక్కించే ముందు నిపిల్ తల పైకి వచ్చిన ప్రతి పుల్ల కొననూ ఆకురాయితో సమంగా అరగదీయండి. చూపుడు వేలికి పలచని గుడ్డ చుట్టి రిమ్ము లోపల చుట్టూ నిమరండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఇంకా కొన ఉందని అర్థం. నేను కట్టిన తొలి చక్రాల్లో ఒకదాంట్లో ఒకే ఒక్క కొనను చూడకుండా వదిలేశాను. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా తిరుమల నుంచి దిగుతుండగా, నా భార్య వెనక కూర్చుని ఉండగా, ముందు ట్యూబు ఒక్కసారిగా దిగిపోయింది. వేగం తక్కువ కావడం వల్ల పిట్టగోడ పక్కన నిలబెట్టగలిగాను. ట్యూబు విప్పి చూస్తే చీమ కుట్టినంత రంధ్రం, దానికి ఎదురుగా అర మిల్లీమీటరు కూడా లేని కొన. ఆ రోజు నుంచి గుడ్డ చుట్టిన వేలితో రెండుసార్లు నిమరకుండా నేను టైరు ఎక్కించలేదు. కొనలు చూశాక, ట్యూబుకు నిపిల్స్ తగలకుండా వేసే రిమ్ టేపు కొత్తది వేయండి. పాతది ఎంత బాగున్నా వద్దు.

రెండు చక్రాలూ బండికి ఎక్కాక, వెనక చక్రం ముందు చక్రం బాటలోనే ఉందో లేదో చూడడానికి పొడవాటి దారం చాలు. వెనక టైరు రెండు పక్కలా ఆనేలా దారాన్ని ముందుకు లాగి పట్టుకుంటే, ముందు టైరుకు రెండు పక్కలా సమానమైన సందు రావాలి. రాకపోతే మొదట చైను సర్దుబాటు చూడండి, అది సరిగ్గా ఉంటే వెనక రిమ్ము నడిమి కొలతను మళ్లీ చూడండి.

మొదటిసారి కట్టిన చక్రం కాబట్టి, రోడ్డెక్కే ముందు అనుభవం ఉన్న వీల్ ఫిట్టరుకు ఒకసారి చూపించండి. కట్టినది మీరే, ఆయన చేత తట్టించి వినిపించుకోవడం మాత్రమే. తర్వాత మీరొక్కరే కాణిపాకం దాకా వెళ్లి రండి. రానుపోను ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. దారిలో వేగం పెంచకండి, ఇంటికి వచ్చాక డ్రమ్మును చేత్తో తాకి వేడి చూడండి, పుల్లలన్నీ తట్టి వినండి. అలా నాలుగైదు సార్లు తిరిగేసరికి వంద కిలోమీటర్లు పూర్తవుతాయి. అప్పుడు చక్రాలను నేల నుంచి లేపి, వదులైన వాటిని పావు తిప్పు చొప్పున బిగించి, బెండు మళ్లీ చూడండి. రెండో పరీక్ష 500 కిలోమీటర్ల దగ్గర. అప్పుడు ఒక్క పుల్ల కూడా వదులు కాలేదంటే చక్రం కుదురుకున్నట్లే. నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకోవడం ఆ రెండో పరీక్ష అయిన తర్వాతే పెట్టుకోండి. ఈలోగా చవితి దాటిపోతే, కాణిపాకంలో చవితి నుంచి ఉత్సవాలు చాలా రోజులు జరుగుతాయి కాబట్టి ఆ రోజుల్లో ఏదో ఒక ఉదయం వెళ్లి రావచ్చు.